తడి విదిల్చే విద్య

సియాటిల్‌కు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లను దూరం నుంచే పోల్చుకోవచ్చు. చేతిలో గొడుగు ఉంటుంది. రెండో ఏడాది ఆ గొడుగు కారు డిక్కీలోకి వెళుతుంది, మూడో ఏడాది గ్యారేజీ మూలకు చేరుతుంది. ఇక్కడి వాన గొడుగుకు లొంగేది కాదు. దీనికి మన భాషలో చక్కటి పేరుంది: ముసురు. కాకపోతే బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడు మనకు రెండు మూడు రోజులు పట్టే ముసురు ఇక్కడ నవంబరులో మొదలై మార్చి వరకు సాగుతుంది.

అయినా శనివారం వస్తే మా మిత్రబృందం ఇల్లు కదలక తప్పదు. మాలో రెండు ఇళ్లలో కుక్కలున్నాయి, వాటికి ముసురైనా ఎండైనా ఒకటే. మా ఇంటి బూందీ 30 కిలోల లాబ్రడార్. స్నేహితుల ఇంటి రాణి హైదరాబాద్ వీధిలో పుట్టి విమానమెక్కి వచ్చిన ఊరకుక్క. రెడ్మండ్‌లోని మేరీమూర్ పార్కులో కుక్కలను పట్టీ విప్పి వదలడానికి నది ఒడ్డున 40 ఎకరాల చోటుంది. కొన్ని వారాలు అక్కడికి, కొన్ని వారాలు ఇసాక్వా దగ్గరి టైగర్ మౌంటెన్ అడవి దారులకు వెళతాం. తడవని శనివారం కోసం చూస్తే వసంతం దాకా ఇంట్లోనే కూర్చోవాలి.

ఇంతా చేసి సియాటిల్‌లో ఏడాదికి కురిసేది వెయ్యి మిల్లీమీటర్ల లోపే. విజయవాడలోనూ ఇంచుమించు అంతే. న్యూయార్క్‌లో ఇంతకంటే ఎక్కువ. తేడా అంతా పంపకంలో ఉంది. ఇక్కడ ఆ వానంతా ఏటా సుమారు 150 రోజుల మీద సన్నగా పరచుకుంటుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగిన ఆ ఒక్క రోజున బేగంపేటలో 19 సెంటీమీటర్లు పడింది. సియాటిల్‌లో డిసెంబరు నెల మొత్తానికి సగటున పడేది 15 సెంటీమీటర్లు.

మన పెద్ద వానలు చాలావరకు నిట్టనిలువు మేఘాలవి. వేడెక్కిన తేమగాలి వేగంగా పైకి లేచి పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తు వరకు పేరుకుంటుంది. ఆ ఎగసే గాలి చినుకును కింద పడనీయకుండా చాలాసేపు మోస్తుంది. మోసినంతసేపూ చినుకు బలుస్తుంది. సియాటిల్ మీదికి శీతకాలంలో వచ్చేది పసిఫిక్ మహాసముద్రం నుంచి నెమ్మదిగా ఏటవాలుగా లేచే గాలి. దాని మేఘం ఆకాశమంతా పరచిన దుప్పటిలా ఉంటుంది, చినుకు ఎదగకముందే జారిపోతుంది. 5 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో నేలను కొడుతుంది. అర మిల్లీమీటరు తుంపర వేగం 2 మీటర్లే. అంత తీరిగ్గా దిగేదాన్ని ఏ చిరుగాలి అయినా పక్కకు తోసి గొడుగు కిందికి పంపగలదు. గొడుగులు గ్యారేజీ పాలు కావడానికి కారణం ఇదే.

ఈ గాలి కొండను ఎక్కేటప్పుడు ఇంకా ధారాళంగా కురుస్తుంది, దిగేటప్పుడు చేయి ముడుచుకుంటుంది. సియాటిల్‌కు పడమరనున్న ఒలింపిక్ పర్వతాల సముద్రపు వైపున హో అడవిలో ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్లు పడితే, అవే పర్వతాల వెనుక ఉన్న సీక్విమ్ అనే చిన్న ఊళ్లో పడేది 400 దరిదాపుల్లోనే. పడమటి కనుమల చాటున ఉన్న అనంతపురానిదీ ఇదే కథ. ముసురుతో విసిగిన సియాటిల్ జనం ఎండ కోసం సీక్విమ్‌కు వెళతారు. అనంతపురానికి ఎవరూ ఆ పని మీద వెళ్లినట్టు నేను వినలేదు.

నా మొదటి శీతకాలపు నడక ఒక పాఠం. జీన్స్ ప్యాంటు, నూలు చొక్కా, దాని మీద నూలు స్వెట్‌షర్టు వేసుకుని టైగర్ మౌంటెన్ ఎక్కాను. చలి 8 డిగ్రీలు, మంచు లేదు, గాలి లేదు, భయపడడానికి ఏముందనిపించింది. రెండు గంటల తరువాత కారు దగ్గరికి వచ్చేసరికి తాళం చేతిలో నిలవలేదు. మాట్లాడబోతే నాలుక తిరగలేదు. మనకు వడదెబ్బ తెలుసు, చిన్నప్పటి నుంచి జాగ్రత్తలు వింటాం. దాని తోబుట్టువైన హైపోథర్మియా గురించి వినం. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పడిపోతే వచ్చే స్థితి అది. అడుగు తడబడడం, మాట తడబడడం, వేళ్లు తడబడడం దాని తొలి గుర్తులు. నేను దాని గుమ్మం దాకా వెళ్లి వచ్చానన్నమాట.

పొడి మంచు కంటే ఈ తడి 8 డిగ్రీలు కొన్నిసార్లు ఎక్కువ ప్రమాదం. గడ్డకట్టిన మంచును దులిపేసుకోవచ్చు. నీరు ఇంకుతుంది. దుస్తులు వెచ్చగా ఉంచేది నిజానికి దారాల మధ్య చిక్కుకున్న గాలివల్ల. నూలు తడిస్తే ఆ గాలి ఉన్నచోట నీరు చేరుతుంది, నీరు గాలి కంటే 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. పైగా ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరు 580 కేలరీల వేడిని ఒంటి నుంచి పట్టుకుపోతుంది. మే నెలలో మట్టికుండను చల్లగా ఉంచే విద్యే ఇది, డిసెంబరులో మనమే కుండలమవుతాం. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకు ముందే పొద్దు గుంకుతుంది కాబట్టి ఆలస్యమైతే చీకటి కూడా తోడవుతుంది.

ఉన్ని తీరు వేరు. దాని పోగు పైపొర నీటిని తోసేస్తుంది, లోపలి భాగం మాత్రం తన బరువులో మూడో వంతు దాకా ఆవిరిని తాగినా తడిగా తగలదు. గొర్రెల వెంట వానలో తిరిగే మన గొల్ల కురుమలు గొంగడి కప్పుకున్నది ఊరికే కాదు. నేను ఈ సంగతి తెలుసుకోవడానికి ఏడు సముద్రాలు దాటి ఒక ప్యాంటు తడుపుకోవలసి వచ్చింది.

ఇక బూందీ. నదిలోంచి బయటికి వచ్చి, సరిగ్గా మన పక్కన నిలబడి, తల నుంచి మొదలుపెట్టి తోక చివరి దాకా ఒళ్లు విదిలిస్తుంది. 2012లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 16 జాతుల జంతువులను తడిపి, అవి విదిలించుకోవడాన్ని వేగవంతమైన కెమెరాలతో చిత్రీకరించారు. చిట్టెలుక సెకనుకు సుమారు 30 సార్లు ఊగుతుంది, ఎలుక 18 సార్లు, లాబ్రడార్ నాలుగైదు సార్లు, ఎలుగుబంటి 4 సార్లు. చినుకును వెంట్రుకకు అంటిపెట్టి ఉంచేది తలతన్యత, అంటే నీటి పైపొరలోని బిగువు. దాన్ని తెంచాలంటే గిర్రున తిప్పి విసరాలి. చుట్టుకొలత చిన్నదైతే అదే బలం కోసం మరింత వేగంగా తిరగాలి, అందుకే చిన్న ప్రాణులకు అంత తొందర. కుక్కకు ఇందులో ఒక వెసులుబాటుంది: వదులైన చర్మం. వెన్నెముక 30 డిగ్రీలు తిరిగితే చర్మం 90 డిగ్రీల దాకా ఊగుతుంది. మెడ దగ్గర వేలాడే ఆ తోలును చూసి బూందీ లావెక్కిందని నవ్వుకునేవాళ్లం.

బొచ్చులో అర లీటరు నీరు నిలిచి, అదంతా ఒంటి వేడితోనే ఆరాలంటే దాదాపు 290 కిలోకేలరీలు కావాలి. బూందీ రోజు తిండిలో అది ఐదో వంతుకు మించుతుంది. అడవిలో బతికే తోడేలుకు ఆ లెక్క ప్రాణం మీదికి తేగలదు. అందుకే ఈ విద్య నాడుల్లోనే ఉంది. 2024లో హార్వర్డ్ వైద్య కళాశాల పరిశోధకులు చిట్టెలుకల మెడ వెనుక నూనె చుక్కలు వేస్తే అవి వెంటనే విదిలించుకున్నాయి. వెంట్రుకల మొదళ్ల చుట్టూ అల్లుకుని, అతి మెల్లని తాకిడికి స్పందించే సన్నని నాడీతంతువులే ఈ కబురు పంపుతున్నాయని తేలింది. ఆ తంతువులను కాంతితో ప్రేరేపిస్తే చాలు, చుక్క నూనె లేకుండానే చిట్టెలుకలు ఒళ్లు దులుపుకున్నాయి.

అన్ని కుక్కలకూ ఈ విద్య ఒక్కటే సరిపోదు. బూందీ వంశం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ జాలరుల కుక్కలది. పైన నూనె పూసినట్టుండే వెంట్రుకలు, కింద దట్టమైన మెత్తటి బొచ్చు, చర్మం దాకా నీరు చేరడమే కష్టం. రాణికి ఆ అడుగు బొచ్చు పలుచన, అందుకే దానికి కోటు తొడుగుతాం. పాదాల విషయంలో మాత్రం రెండూ సమానమే. కుక్క పాదంలో వెచ్చటి నెత్తురు తెచ్చే ధమనులను చల్లబడిన నెత్తురు మోసే సిరలు ఆనుకుని ఉంటాయి. కిందికి పోయే వేడి సగం దారిలోనే పైకి మళ్లుతుంది. చల్లటి బురదలో చెప్పులు లేకుండా నడిచే రహస్యం అదే.

ఈ ప్రాంతంలో కుక్కలున్నవాళ్లు చలి కంటే ఎక్కువగా భయపడేది చచ్చిన చేపలకు. శరదృతువులో సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఇసాక్వా వాగులోకి ఎదురీదుతూ వచ్చి, గుడ్లు పెట్టి చనిపోతాయి. శీతకాలం మొదట్లో ఒడ్డున వాటి కళేబరాలు పడి ఉంటాయి, కుక్క ముక్కుకు అది పెళ్లి విందు. ఆ చేప మాంసంలో నత్తల నుంచి వచ్చిన ఒక చిన్న పురుగు, ఆ పురుగులో ఒక సూక్ష్మజీవి దాగి ఉంటాయి. పచ్చి చేప తిన్న వారం రోజులకు కుక్కకు జ్వరం, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. వైద్యం అందకపోతే చాలా కుక్కలు బతకవు. సకాలంలో గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్‌తో నయమవుతుంది. చేపను ఉడికిస్తే పురుగూ పోతుంది, సూక్ష్మజీవీ పోతుంది కాబట్టి మన పులుసుకు ఢోకా లేదు. అయినా వాగు కనబడగానే రెండు కుక్కలకూ పట్టీ వేస్తాం, బూందీ మొహం ఎంత వేలాడేసినా సరే.

తిరిగి కారు దగ్గరికి చేరాక థర్మాస్ ఫ్లాస్కులోని అల్లం టీ, పొట్లంలోని మిరపకాయ బజ్జీలు బయటికి వస్తాయి. బజ్జీలు చల్లబడి మెత్తబడినా ఒక్కటీ మిగలదు. కుక్కల కోసం పాత తువ్వాళ్లు సిద్ధంగా ఉంటాయి. హార్వర్డ్ వాళ్ల నూనె చుక్క సంగతి చదివినప్పటి నుంచి నేను ముందుగా మెడ వెనుక తుడుస్తున్నాను, విదిలింపు ఆగుతుందేమోనని. ఇప్పటిదాకా గెలుపు బూందీదే. వెనుక సీటు ఎక్కి, తలుపు మూసేదాకా ఓపిగ్గా ఆగి, అప్పుడు మొదలుపెడుతుంది.