పొట్టి పంతులు పనికి పట్టా: క్రీడా వ్యాపార చదువుల వెనుక కథ

బలశాలి కోడి రామమూర్తి పేరు దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా ఏ తెలుగింట అడిగినా చెబుతారు. వీరఘట్టంలో పుట్టి, మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో పిల్లలకు కసరత్తు నేర్పిన ఆయన, ఆ తరువాత సొంత సర్కస్ పెట్టి దేశం తిరిగారు. రొమ్ము మీద ఏనుగును నిలుపుకున్నారు. చివరి రోజులు ఒడిశాలోని బలంగీర్‌లో గడిపి 1942లో అక్కడే కన్నుమూశారు. ఆ సర్కస్ నిలదొక్కుకోవడానికి తోడ్పడిన మిత్రుడు పొట్టి పంతులు పేరు మాత్రం కొద్దిమందికే తెలుసు. డేరా ఏ ఊళ్లో వేయాలి, టికెట్టు ఎంత పెట్టాలి, ఏనుగుకు మేత ఎక్కడ దొరుకుతుంది, వానలు పడితే జీతాలు ఎలా ఇవ్వాలి అని ఆలోచించే మనిషి లేకపోతే ఎంతటి బలశాలి బలమైనా ఊరి పొలిమేర దాటదు.

ఇప్పుడు ఆ మనిషి చేసే పనికి డిగ్రీ ఇస్తామని విశ్వవిద్యాలయాలు ముందుకు వస్తున్నాయి. ప్లస్ టు ఫలితాలు వచ్చే రోజుల్లో బరంపురం, గుణుపూర్, రాయగడ తెలుగు కుటుంబాల ఫోన్లలోకి క్రీడా నిర్వహణ కోర్సుల ప్రకటనలు వచ్చి పడుతున్నాయి. ఫుట్‌బాల్ వ్యాపారం, క్రీడా మార్కెటింగ్, ఆటల గణాంక విశ్లేషణ అని వాటికి రకరకాల పేర్లు. లక్షల్లో ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్న సహజమైనదే: ఈ చదువు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి తీసుకెళుతుంది?

మా ప్రాంతంలో ఆటల ఉద్యోగం అంటే డ్రిల్లు మాస్టారు ఉద్యోగమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా గంజాం, కొరాపుట్ సీమలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ క్రైస్తవ యువజన సంఘం (వై.ఎం.సి.ఎ.) తరఫున వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించారు. బడులకు వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేయడం దాని పని. 1957లో గ్వాలియర్‌లో ఝాన్సీ రాణి పేరిట వచ్చిన కళాశాల కూడా ప్రధానంగా అందుకే. 1961లో పాటియాలాలో వచ్చిన జాతీయ క్రీడా సంస్థ శిక్షకులను తయారుచేసింది. బడికి మాస్టారు, జట్టుకు కోచ్, అంతటితో సరి. ఆటలో డబ్బే లేనప్పుడు దాన్ని నిర్వహించే చదువు ఎవరికి కావాలి? సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచిన ఫుట్‌బాల్ జట్ల కాలంలోనూ ఆటగాడికి అన్నం పెట్టింది పోలీసు శాఖ, రైల్వే వంటి కొలువులే. ఆటను చూసి ఉద్యోగం ఇచ్చేవారే తప్ప, ఆట తానుగా ఉద్యోగం ఇచ్చేది కాదు.

అమెరికాలో ఈ చదువు ఒక ఉత్తరంతో మొదలైంది. బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ 1957లో జేమ్స్ మేసన్ అనే ఆచార్యుడికి రాశారు. జట్టునూ స్టేడియాన్నీ వ్యాపారంగా నడపగలిగేలా చదువుకున్న మనిషి కావాలంటే ఎక్కడ వెతకాలి అన్నది ఆయన ప్రశ్న. అప్పటికి అలాంటి చోటు లేదు. మేసన్ ఆ ఆలోచనను వదలలేదు. 1966లో ఒహాయో విశ్వవిద్యాలయంలో క్రీడా పాలనలో మాస్టర్స్ కోర్సు మొదలైంది. అక్కడ ఉద్యోగం ఇచ్చేవాడు ముందు వచ్చి అడిగాడు, కోర్సు తరువాత వచ్చింది. ఈ వరుస గుర్తుంచుకోవాలి.

ఇంగ్లండ్ దారి వేరు, దాని మొదట్లో పెను విషాదం ఉంది. 1989 ఏప్రిల్‌లో హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియంలో తొక్కిసలాటలో గాయపడి 97 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన టేలర్ నివేదిక పెద్ద స్టేడియాల్లో నిలబడి చూసే పద్ధతిని మాన్పించి ప్రతి ప్రేక్షకుడికీ కుర్చీ ఉండాలంది. స్టేడియాలు తిరిగి కట్టడానికి డబ్బు కావలసివచ్చింది. 1992లో అక్కడి మేటి ఫుట్‌బాల్ క్లబ్బులతో ప్రీమియర్ లీగ్ ఏర్పడి, తొలి ఐదేళ్ల ప్రసార హక్కులను 30 కోట్ల పౌండ్లకు పైగా మొత్తానికి అమ్మింది. అప్పటిదాకా పేటలోని అభిమానుల టికెట్టు డబ్బుతో బతికిన క్లబ్బులకు ఇప్పుడు ప్రసార ఒప్పందం చదవగలవారు, ప్రేక్షకుల భద్రతను పద్ధతిగా చూసేవారు, బ్యాంకుతో మాట్లాడేవారు కావాలి.

ఆ తరువాత బోస్మన్ తీర్పు వచ్చింది. బెల్జియంలో ఒప్పందం ముగిసిపోయిన ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ ఫ్రాన్స్‌లోని క్లబ్‌కు వెళతానంటే, పాత క్లబ్ బదిలీ రుసుము అడిగి అడ్డుపడింది. ఆయన కోర్టుకెక్కారు. ఒప్పందం ముగిసిన ఆటగాడిని ఐరోపా సమాఖ్యలోని మరో దేశపు క్లబ్‌కు రుసుము లేకుండా వెళ్లనివ్వాలని 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం తేల్చింది. ఆ ఒక్క తీర్పుతో ఆటగాళ్ల జీతాలు, ఏజెంట్ల ప్రాముఖ్యం, ఒప్పందాల కాలపరిమితి అన్నీ మారిపోయాయి. ఫుట్‌బాల్‌కు న్యాయశాస్త్రం ఎందుకని అడిగే విద్యార్థికి నేనైతే ముందు ఈ కథే చెబుతాను.

అదే 1995లో స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా, అక్కడి విశ్వవిద్యాలయం, స్థానిక ప్రభుత్వం కలిసి క్రీడా అధ్యయన కేంద్రం పెట్టాయి. దాని నుంచి 2000లో ఫిఫా మాస్టర్ కోర్సు వచ్చింది: చరిత్ర ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో, నిర్వహణ ఇటలీలోని మిలాన్‌లో, న్యాయం న్యూషాటెల్‌లో. లివర్‌పూల్ విశ్వవిద్యాలయం 1997లో ఫుట్‌బాల్ పరిశ్రమల ఎం.బి.ఎ. తెచ్చింది. 2011లో యు.సి.ఎఫ్.బి. అనే సంస్థ ఇంగ్లండ్‌లోని బర్న్‌లీ క్లబ్ స్టేడియం టర్ఫ్ మూర్‌లోనే తరగతులు నడిపింది, తరువాత లండన్‌లోని వెంబ్లీ స్టేడియానికి విస్తరించింది. పాఠం వినే చోటి నుంచి మైదానం పదడుగుల దూరంలో ఉండడమే అక్కడ అసలు చదువని నా నమ్మకం.

మన దేశంలో వరుస తలకిందులైంది. 2008లో ఐ.పి.ఎల్. రాగానే ఆటలో డబ్బుందని అందరికీ కనబడింది. 2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను ఒక ప్రైవేటు సంస్థకు 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయలకు అప్పగించింది. దాని ఫలంగా 2014లో ఇండియన్ సూపర్ లీగ్ ఎనిమిది జట్లతో మొదలైంది. ఆ వెలుగులో కోర్సులు వరుసగా పుట్టుకొచ్చాయి. 2018లో మణిపూర్‌లో జాతీయ క్రీడా విశ్వవిద్యాలయానికి పార్లమెంటు చట్టమే చేసింది. అయితే ఉద్యోగం ఇచ్చే క్లబ్బులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ 15 ఏళ్ల ఒప్పందం 2025 డిసెంబరులో ముగియనుండగా కొత్తది కుదరలేదు. జులైలోనే సీజన్ నిలిచిపోయింది, కొన్ని క్లబ్బులు జీతాలు ఆపాయి. ఒక్క ఒప్పందం కాలం తీరితే లీగ్ మొత్తం ఆగిపోతుందని విద్యార్థులు ఆ ఏడాది కళ్లారా చూశారు. 2021-22లో లీగ్ గెలిచిన హైదరాబాద్ జట్టు కూడా 2025లోనే ఢిల్లీకి తరలిపోయింది. తెలుగు నేల మీద ఉన్న ఆ ఒక్క సూపర్ లీగ్ క్లబ్ పోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

విచిత్రం ఏమిటంటే, 2019లో ఢిల్లీ నుంచే ఒక జట్టు భువనేశ్వర్‌కు వచ్చి ఒడిశా ఎఫ్.సి. అయింది. కాబట్టి సరిహద్దు తెలుగు పిల్లలు హైదరాబాద్ వైపు కంటే భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియం వైపు చూడడం మేలు. బరంపురం నుంచి రైలెక్కితే మూడు గంటల్లోపే అక్కడ దిగవచ్చు. 2017లో ఆసియా అథ్లెటిక్స్, 2018లోనూ 2023లోనూ హాకీ ప్రపంచ కప్పులు, 2020లో తొలి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు, 2022లో బాలికల అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మ్యాచ్‌లు ఒడిశాలో జరిగాయి. 2023 నవంబరులో ఫిఫా, భారత సమాఖ్య కలిసి పెట్టిన ఫుట్‌బాల్ అకాడమీని ప్రసిద్ధ కోచ్ ఆర్సెన్ వెంగర్ వచ్చి ప్రారంభించారు. జాతీయ మహిళల ఫుట్‌బాల్ లీగ్‌ను ఈ రాష్ట్రపు జట్లు 2017-18లోనూ 2023-24లోనూ గెలిచాయి. వీటన్నిటికీ బస ఏర్పాట్లు, రవాణా, వైద్యం, టికెట్లు, పత్రికా సంబంధాలు చూసే మనుషులు కావలసివచ్చారు.

మన పిల్లలకు అడ్డు ఎక్కడ? చదువు కోసం విశాఖ వెళితే వారు స్థానికేతరులు, ఎక్కువ సీట్లు స్థానికులకే. ఇక్కడ తెలుగు మాధ్యమం బడులు తగ్గిపోతున్నాయి. ఒప్పంద న్యాయం, ప్రసార హక్కుల గురించి తెలుగులో చదువుకోవడానికి ఏమైనా దొరకడం కష్టం. పర్లాకిమిడిలో ఉంటూ సవరల కోసం సవర నేర్చుకుని వారి భాషలో పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి గారి ఊరివాళ్లం మనం. ఈ లోటును చిన్నదిగా చూడకూడదు. ఇంకొక వైపు, తెలుగు, ఒడియా, హిందీ మూడూ తడబడకుండా మాట్లాడగలగడం పోటీల నిర్వహణలో గొప్ప ఆస్తి. దాన్ని దరఖాస్తులో రాయాలని కూడా మన పిల్లలకు తోచదు.

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో బరువులెత్తి స్వర్ణం తెచ్చిన కటులు రవికుమార్ బరంపురం వారే. బలశాలులకు ఈ సీమలో కొదవ లేదు. కాలేజీలో చేరేముందు అడగవలసినవి రెండే: చదువుకునే కాలంలో ఏ క్లబ్‌లో, ఏ పోటీలో, ఎన్ని నెలలు పని నేర్పిస్తారు? గత బ్యాచ్‌లవారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? జవాబు సూటిగా రాకపోతే మామూలు బి.కాం. చదువుతూ పోటీల్లో స్వచ్ఛందంగా పనిచేయడం నయం. పల్లెల్లో పండగ రోజుల్లో ఫుట్‌బాల్ పోటీ పెట్టినప్పుడు జట్ల ప్రవేశ రుసుము, రెఫరీ భత్యం, మైకు సెట్టు అద్దె, బట్టల కొట్టు ఇచ్చిన చందా అన్నీ ఒకరు నోటు పుస్తకంలో రాస్తారు. మీ ఇంట్లో అలా రాసే అమ్మాయో అబ్బాయో ఉంటే ఆ పుస్తకం పారేయకండి. ప్రవేశ ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సంచిలో పెట్టి పంపండి.