సీసా కోసం రాసిన నిబంధన, ఫైలుగా మారిన వైరస్

మహమ్మారి ఒప్పందంపై వాదన మళ్లీ రాజుకుంది. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల వేదికైన ప్రపంచ ఆరోగ్య సభ ఒప్పందాన్ని ఆమోదించింది గానీ, అసలు చిక్కుముడిని ఒక అనుబంధానికి వదిలేసింది. కొత్త వైరస్ బయటపడిన దేశం దాని నమూనాలను, జన్యుక్రమాన్ని (జన్యువుల్లోని అక్షరాల వరుసను) లోకానికి ఇస్తే, వాటితో తయారయ్యే టీకాల్లో ఆ దేశానికి దక్కేదేమిటి? అనుబంధం కుదిరితే తప్ప ఒప్పందం సంతకాలకు రాదు. మహమ్మారి వేళ ఈ ఏర్పాటులో చేరిన తయారీదారులు తమ ఉత్పత్తిలో 20 శాతం మేరకు ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందించాలని, మొత్తం ఉత్పత్తిలో కనీసం 10 శాతం విరాళంగానే ఇవ్వాలని ఒప్పందం చెబుతోంది. అయితే జన్యుక్రమాన్ని కంప్యూటర్‌లోకి దించుకున్నవారికల్లా ఈ బాధ్యత ఉంటుందా? తగువంతా అక్కడే.

ఇది అర్థం కావాలంటే 2007కు వెళ్లాలి. బర్డ్ ఫ్లూ మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీస్తున్న దేశాల్లో అప్పుడు ఇండోనేషియా ముందుంది. అక్కడి రోగుల నుంచి తీసిన హెచ్5ఎన్1 (ఆ బర్డ్ ఫ్లూ వైరస్) నమూనాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రయోగశాలలకు ఉచితంగా వెళ్లేవి. ఆ వైరస్ రకంతోనే ఒక ఆస్ట్రేలియా కంపెనీ టీకా తయారు చేస్తోందని తెలిసింది. ఇచ్చినవారిని ఎవరూ అడగలేదు, టీకా దక్కుతుందన్న హామీ కూడా లేదు. ఇండోనేషియా ఆరోగ్యశాఖ మంత్రి సితి ఫదిలా సుపారి నమూనాల పంపకాన్ని ఆపేశారు. తమ నేలపై పుట్టిన వైరస్‌పై తమకు సార్వభౌమ హక్కు ఉందన్నారు. ప్రపంచ ఆరోగ్యాన్నే పణంగా పెడుతున్నారని సంపన్న దేశాలు మండిపడ్డాయి. వైరస్‌లపై నిఘాకు నష్టం జరిగిన మాట నిజం. కానీ అంతకుముందు ఎన్నేళ్లు మర్యాదగా అడిగినా కదలని చర్చల బల్ల ఆ ఒక్క నిరాకరణతో కదిలింది.

ఫలితం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నాటి ఫ్లూ సన్నద్ధత చట్రం. నమూనా తీసుకునే కంపెనీ ఒప్పంద పత్రంపై సంతకం చేయాలి, టీకాల్లోనో మందుల్లోనో కొంత వాటా ఇవ్వాలి. ఫ్లూ నిఘా వ్యవస్థ నిర్వహణ ఖర్చులో సగం కంపెనీలే భరించాలి. మంచి ఏర్పాటే. కాకపోతే అది ఫ్లూకే పరిమితం, పైగా వైరస్ నమూనా ఉండే సీసాను దృష్టిలో పెట్టుకుని రాసింది. సీసా ఒకచోటి నుంచి మరోచోటికి కదలాలి, దానికి రవాణా పత్రాలుంటాయి, పుచ్చుకునే చేయి కనబడుతుంది. అందుకే షరతు పెట్టడం సాధ్యమైంది.

రెండేళ్లు తిరగకుండానే పరిశోధకుల పనిముట్లు ఆ నిబంధనను దాటిపోయాయి. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. 2013 వసంతంలో చైనా శాస్త్రవేత్తలు హెచ్7ఎన్9 అనే మరో బర్డ్ ఫ్లూ వైరస్ జన్యుక్రమాన్ని ఉమ్మడి డేటాబేస్‌లో ఉంచారు. అసలు వైరస్ చేతికందక ముందే, ఆ అక్షరాల వరుసను బట్టి జన్యువులను కృత్రిమంగా కూర్చి, టీకాకు కావలసిన మూల వైరస్‌ను కొద్ది రోజుల్లో అమెరికాలో తయారు చేయగలిగారు. ఇక సీసాతో పని లేదు. 2020 జనవరిలో కొత్త కరోనా వైరస్ క్రమం అంతర్జాలంలోకి వచ్చిన రెండు మూడు రోజులకే అమెరికా కంపెనీ మోడెర్నా టీకా రూపం ఖరారైంది. మార్చి 16న తొలి మనిషికి దాన్ని ఇచ్చారు.

ఈ వేగాన్నే కంపెనీలు, పలు సంపన్న దేశాలు తమ వాదనగా చూపిస్తున్నాయి. డేటాబేస్‌కు తాళం వేస్తే, పేరు నమోదు చేయమంటే, పరిశోధన నెమ్మదిస్తుందంటాయి. తేలిగ్గా కొట్టేయదగ్గ మాట కాదు. అయితే ఆ వేగం ఎవరికి చేరిందో కూడా చూడాలి. 2021 నవంబరులో బోట్స్వానా, దక్షిణాఫ్రికా ప్రయోగశాలలు ఒమిక్రాన్‌ను గుర్తించి, దాచకుండా వెంటనే ప్రపంచానికి చెప్పాయి. రోజుల్లోనే ఆ దేశాలకు విమానాలు ఆగిపోయాయి. టీకాల వరుసలో ఆఫ్రికా ఖండం అప్పటికీ చివరనే ఉంది.

అందుకే ఆఫ్రికా దేశాలు ఇప్పుడు డేటాబేస్ వాడేవారి పేర్ల నమోదు కావాలంటున్నాయి, క్రమాన్ని ఎవరు వాడారో జాడ తెలియాలంటున్నాయి, వాటాను ముందే ఒప్పంద పత్రంలో రాయాలంటున్నాయి. 2007లో ఇండోనేషియా దగ్గర ఆపడానికి కనీసం సీసాలుండేవి. ఒకసారి డేటాబేస్‌లోకి ఎక్కించిన క్రమాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.