బేస్ దాటిపోయిందని తెలియని బాంబర్: లేడీ బి గుడ్ వెనక కథ

లేడీ బి గుడ్ గురించి ఎవరు చెప్పినా ముందు ఫ్లాస్కులో కాఫీ గురించే చెప్తారు. పదిహేనేళ్లకు పైగా ఎడారిలో పడున్న విమానం, అయినా మెషిన్ గన్ పేలింది, రేడియో పనిచేసింది, కాఫీ తాగేలాగే ఉంది అని. అదంతా నిజమే, కానీ నాకైతే ఆ రాత్రి దాని జట్టు రేడియోలో అడిగిన ఒక్క ప్రశ్న దగ్గరే అసలు కథ ఉందనిపిస్తుంది.

1943 ఏప్రిల్ 4న లిబియాలోని సోలుక్ నుంచి అమెరికన్ బి-24 బాంబర్లు ఇటలీలోని నేపుల్స్ రేవు మీద దాడికి బయల్దేరాయి. అప్పటికే ఇసుక తుఫాను రేగుతోంది. వాటిలో ఒకటైన లేడీ బి గుడ్‌లో పైలట్ విలియం హాటన్‌తో కలిపి తొమ్మిది మంది ఉన్న జట్టుకు అదే మొదటి దాడి. వెనక్కి ఒంటరిగా వస్తూ, అర్ధరాత్రి దాటాక, మేం ఏ దిక్కున ఉన్నామో చెప్పండి అని లిబియా తీరం దగ్గరి బెనీనా రేడియో స్టేషన్‌ని అడిగారు. వాయవ్యం అని జవాబొచ్చింది, అంటే ఇంకా సముద్రం మీదే ఉన్నారన్నమాట.

చిక్కల్లా ఇక్కడే. అప్పటి లూప్ యాంటెన్నా సిగ్నల్ ఏ గీత మీద నుంచి వస్తోందో చెప్పేది గానీ, ఆ గీతకి ఏ కొసనుంచో చెప్పలేదు. వాయవ్యం నుంచి వచ్చినా, సరిగ్గా ఎదురుగా ఆగ్నేయం నుంచి వచ్చినా రీడింగ్ ఒకటే. అప్పటికే బేస్ దాటి ఎడారి మీదికి వచ్చేశారని తర్వాతి విచారణ తేల్చింది. చీకట్లో కింద ఉన్నది ఇసుకో నీళ్లో ఎలా తెలుస్తుంది? ఇంకో రెండు గంటలు అలాగే ఎగిరి, ఇంధనం అయిపోవస్తుంటే పారాచూట్లతో దూకేశారు.

బేస్‌లో మాత్రం సముద్రంలో కూలిందనే అనుకున్నారు. 1958లో చమురు అన్వేషణ బృందం గాల్లోంచి చూసేదాకా ఎడారిలో, అదీ బేస్‌కి 700 కిలోమీటర్ల దూరంలో, విమానం ఉందని ఎవరికీ తట్టలేదు.

బాంబులు వేసే బాంబార్డియర్ వొరావ్కా పారాచూట్ సరిగా విచ్చుకోక అప్పుడే చనిపోయాడు. మిగతా ఎనిమిది మంది, బేస్ దగ్గర్లోనే ఉందనుకుని, సగం సీసా నీళ్లతో వాయవ్యం వైపు నడిచారు. నూరు కిలోమీటర్లు దాటి ఐదుగురు ఆగిపోయారు, ముగ్గురు సాయం కోసం ముందుకెళ్లారు. 1960లో దొరికిన కో-పైలట్ టోనర్ డైరీలో రోజుకి రెండు మూడు ముక్కలే ఉన్నాయి. ఏప్రిల్ 12న రాసింది చివరిది: సాయం ఇంకా రాలేదు, రాత్రి చలి ఎక్కువగా ఉంది.

మనుషులు లేకుండానే పొట్ట మీద జారుతూ దిగిన విమానం, అందులోని కాస్త నీళ్లు, పనిచేసే రేడియో, వాళ్లు దూకిన చోటికి దక్షిణంగా పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. అది కూలిపోయి ఉంటుందనే వాళ్లు అనుకుని ఉంటారు, ఎవరైనా అలాగే అనుకుంటారు. గన్నర్ వెర్నాన్ మూర్ అవశేషాలు మాత్రం అధికారికంగా ఇప్పటికీ దొరకలేదు.