నిద్ర పేరు పెట్టుకున్న పెప్టైడ్

మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు చేసే మా బాబాయి కొడుకు మొన్న ఫ్రిజ్ తెరిచి, పెరుగు గిన్నె వెనక నుంచి చిటికెన వేలంత సీసా ఒకటి తీసి చూపించాడు. రబ్బరు మూత, అడుగున ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొడి. "నీళ్లలో కలిపి, పడుకునే ముందు పొట్ట దగ్గర సూది వేసుకుంటే గాఢ నిద్ర పడుతుందట అన్నయ్యా, జిమ్‌లో చెప్పారు" అన్నాడు. పైన డీఎస్‌ఐపీ అని రాసి ఉంది. డెల్టా నిద్రను, అంటే గాఢ నిద్రను, రప్పించే పెప్టైడ్ అని దాని అర్థం. పెప్టైడ్ అంటే ప్రోటీన్లలో ఉండే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. ఈ పేరు వెనక నూరేళ్లు దాటిన వెతుకులాట ఉంది.

లక్ష్మణుడి పద్నాలుగేళ్ల నిద్రను ఊర్మిళ తన మీదికి తీసుకుందని మన ఇళ్లలో చెప్పుకుంటారు. ఒకరి నిద్ర మరొకరికి బదిలీ అవుతుందా అన్న సంగతిని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొందరు నిజంగానే పరీక్షకు పెట్టారు. జపాన్‌లో కునియోమి ఇషిమోరి, ఫ్రాన్స్‌లో ఆన్రీ పియెరాన్, రెనె లెజాండ్ర్ ఈ పనిని విడివిడిగా చేశారు. కుక్కలను రోజుల తరబడి నిద్ర పోనివ్వకుండా ఉంచి, వాటి మెదడు నుంచో, మెదడు చుట్టూ ఉండే ద్రవం నుంచో తీసిన పదార్థాన్ని మామూలుగా ఉన్న కుక్కలకు ఎక్కించారు. అవి కాసేపటికి నిద్రలోకి జారుకున్నాయి. మెలకువ సాగేకొద్దీ ఒంట్లో ఏదో పేరుకుంటుందని, నిద్రను తెచ్చేది అదేనని వాళ్లు తేల్చారు. అదేమిటో పట్టుకునే పరికరాలు మాత్రం అప్పటికి లేవు.

హార్వర్డ్‌లో జాన్ పాపెన్‌హైమర్ బృందం 1960లలో మేకలతో ఇదే దారి పట్టింది. మేకలతో మొదలైన ఆ వేట చివరికి మనుషుల మూత్రాన్ని వడగట్టేదాకా వెళ్లింది. 1982 నాటికి చేతికి చిక్కినదేమిటంటే, సూక్ష్మజీవుల కణ గోడల్లో ఉండే మ్యురామిల్ పెప్టైడ్! నిద్ర రహస్యం కోసం బయలుదేరి, జబ్బు చేసినప్పుడు మగతగా ఎందుకుంటుందన్న దాని దగ్గర తేలారు. నాకైతే ఈ మొత్తం చరిత్రలో ఇష్టమైన మలుపు ఇదే.

మా వాడి సీసాలో ఉన్నది మాత్రం స్విట్జర్లాండ్ సరుకు. బాసెల్‌లో మార్సెల్ మోనియే బృందం కుందేళ్ల మెదడులోని థాలమస్‌కు స్వల్పంగా విద్యుత్తు ఇచ్చి నిద్ర పుచ్చింది. అప్పుడు మెదడు నుంచి వచ్చే రక్తాన్ని తీసి, శుద్ధి చేసి, వేరే కుందేళ్ల మెదడులోకి ఎక్కించింది. వాటిలో గాఢ నిద్రకు గుర్తయిన డెల్టా తరంగాలు పెరిగాయి. 1977లో నిర్మాణం తేలింది. తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అమెరికా రసాయన శాస్త్రవేత్త మెరిఫీల్డ్ 1963లో కనిపెట్టిన పద్ధతితో ఇంత చిన్న గొలుసును తయారు చేయడం పెద్ద పని కాదు. హైదరాబాద్ వంటి ఊరికి ఇది విడమరచి చెప్పాల్సిన పని లేదు. పెప్టైడ్ల ముడిసరుకు చేసే దివీస్, న్యూలాండ్ కంపెనీలు ఇక్కడివే.

చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. ఒంట్లో ఈ పెప్టైడ్‌ను తయారు చేసే జన్యువు దొరకలేదు. రక్తంలోకి వెళ్లాక అది త్వరగా ముక్కలైపోతుంది. 1980లలో నిద్రలేమి రోగులకు ఇచ్చి చూస్తే కొందరికి మేలనిపించింది, కొందరికి ఏమీ తెలియలేదు. 1992లో 16 మంది మీద వెలువడిన, ఎవరికి అసలు మందు అందిందో రోగికీ డాక్టరుకూ తెలియని డబుల్ బ్లైండ్ పరీక్షలో ప్రభావం బలహీనంగా కనిపించింది. పేరు పెట్టే ముందు ఇంకొంచెం ఆగి ఉంటే బాగుండేది. నామకరణం కుందేళ్లను చూసి చేశారు, సూది మాత్రం మనుషులకు గుచ్చుతున్నారు.

ఇంకో దారి గ్రోత్ హార్మోన్‌ది. రాత్రి తొలి గాఢ నిద్రలోనే ఆ హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుందని 1968లో తెలిసింది. ఆ హార్మోన్‌ను తట్టిలేపే సీజేసీ-1295, ఇపామొరెలిన్ వంటి పెప్టైడ్లు నిద్ర పేరుతో అమ్ముడుపోవడానికి మూలం అదే.

నిజంగా నిద్ర వైద్యాన్ని మార్చిన పెప్టైడ్ 1998లో బయటపడింది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది కూడా ఆ ఏడాదే. మనవాళ్లు అమెరికా పగటికి సరిపోయేలా రాత్రిళ్లు మేలుకోవడం అలవాటు చేసుకుంటున్న కాలంలోనే, మెలకువను నిలబెట్టే ఒరెక్సిన్‌ను అక్కడ రెండు బృందాలు వేర్వేరుగా గుర్తించాయి. ఇది నిద్ర తెచ్చే పెప్టైడ్ కాదు, మెలకువగా ఉంచేది. పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ రోగుల మెదడులో దీన్ని చేసే కణాలే నశించాయని 2000లో తేలింది. కణాల మీద ఇది అతుక్కునే గ్రాహకాలను అడ్డుకునే సువొరెక్సాంట్‌కు 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది పెప్టైడ్ కాదు, మింగే మాత్ర.

సూదిగా ఇచ్చే పెప్టైడ్‌కు నిద్ర జబ్బులో పూర్తి స్థాయి అనుమతి దక్కింది 2024 డిసెంబరులో, అమెరికాలో. అది టిర్జెపటైడ్. ఊబకాయంతో పాటు నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ అప్నియా ఒక మోస్తరుగానో, తీవ్రంగానో ఉన్నవారికి. అదీ నిద్ర పుచ్చి కాదు, బరువు తగ్గించి. డీఎస్‌ఐపీ, ఇపామొరెలిన్, సీజేసీ-1295ల సంగతి వేరు. అమెరికా ఔషధ సంస్థ 2023లో వాటిని భద్రతపై సందేహాలున్న జాబితాలో చేర్చింది.

మన దేశంలో అమ్మే మందు మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. సీసాను ట్యూబ్‌లైటు కింద తిప్పి తిప్పి చూశాం. ఏదో లాట్ నంబరు, చల్లగా ఉంచాలన్న సూచన, దాని కింద ఆవగింజంత అక్షరాలతో "పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు" అని ఆంగ్లంలో ఒక లైను. అది చదవడానికి మా వాడు ఫోను కెమెరాతో పెద్దది చేసుకోవలసి వచ్చింది.