చోట్లు మార్చినా మారనిది

అంబాజీపేటలో కొబ్బరికాయల రాశిలోంచి రెండు కాయలు తీసి, దీని చోట అది, దాని చోట ఇది పెడితే రాశి మారినట్టా, మారనట్టా? ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. వెయ్యి కాయలకి ఇంత అని ధర కట్టే వ్యాపారికి మారనట్టే. కానీ ఈ ప్రశ్నని పట్టుకుని వెళ్తే తర్కశాస్త్రం పునాదీ, పదార్థం గట్టిగా ఎందుకుంటుందనే విషయమూ రెండూ తగులుతాయి.

మార్చినా మారకపోవడాన్నే సౌష్ఠవం (సిమెట్రీ) అంటారు. సౌష్ఠవం అనగానే బడిలో కాగితం మడిచి సీతాకోకచిలుక బొమ్మ చూపిస్తారు. అది ఒక్క రకం మాత్రమే. అసలు సంగతి ఇది: ఏదో ఒక మార్పు చెయ్యి, చేశాక కూడా మారనిదేమిటో చూడు. పిల్లలకి ముందు ఇది చెప్పి, సీతాకోకచిలుకని తర్వాత చూపించాలి. 1872లో జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ రకరకాల జ్యామితులని ఈ ఒక్క ప్రశ్నతోనే వరుసలో పెట్టాడు. గోదావరి డెల్టా పటాన్ని రబ్బరు షీటు మీద గీశామనుకుందాం. షీటుని తిప్పినా జరిపినా దూరాలు మారవు. అన్ని వైపులా సమానంగా సాగదీస్తే దూరాలు పోతాయి, కోణాలు మిగులుతాయి. అడ్డదిడ్డంగా లాగితే కోణాలూ పోతాయి. అయినా ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలడం పోదు. కోనసీమ చుట్టూ పాయలూ సముద్రమూ ఉండడం పోదు. మార్పులకి ఎంత స్వేచ్ఛ ఇస్తే మిగిలేది అంత తగ్గుతుంది.

ఆ స్వేచ్ఛని కొసదాకా ఇచ్చినవాడు తర్కశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ టార్‌స్కీ. 1966లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఆయన అన్నది ఇదీ: ఏ వస్తువునైనా ఏ వస్తువు చోటనైనా పెట్టొచ్చు, ఇరుగుపొరుగు కూడా నిలవక్కర్లేదు. అప్పటికీ చెక్కుచెదరనిదే తర్కానికి చెందినది.

కాగితం మీద చేసి చూడండి. రావులపాలెం, అమలాపురం, రాజోలు. అడ్డంగా మూడు పేర్లు, నిలువుగా అవే మూడు పేర్లు, తొమ్మిది గళ్లు. ‘దీనికి ఉత్తరాన అది ఉంది’ అనే సంబంధానికి మూడు గళ్లలో టిక్కులు పడతాయి. ఇప్పుడు రావులపాలెం, రాజోలు చోట్లు మార్చండి: టిక్కులు తప్పు గళ్లలో పడతాయి. ఉత్తరం ఓడిపోయింది. తొమ్మిది గళ్లలో టిక్కు పెట్టడం, మానడం లెక్కన సాధ్యమైన సంబంధాలు మొత్తం 512. మూడు ఊళ్ల ప్రస్తారాలు (చోట్లు మార్చే విధాలు, ఏదీ మార్చకపోవడంతో కలిపి) ఆరు. ఆరింటికీ తట్టుకునేవి ఎన్ని? నాలుగే. కారణం సులువు. ఐమూలగా ఉన్న మూడు గళ్లు (ఊరు తనతో తాను) ఎప్పుడూ ఒకదాని చోటికి ఒకటి పోతాయి. మిగతా ఆరు గళ్లూ వాటిలో అవే తిరుగుతాయి. ఈ గుంపు ఆ గుంపులో కలవదు. రెండు గుంపులు, ఒక్కోదానికి టిక్కు ఉండడమో లేకపోవడమో: అన్నీ ఖాళీ, అన్నీ నిండు, ఐమూల మాత్రం నిండు, ఐమూల తప్ప అన్నీ నిండు. చివరి రెండింటికీ మనకి మాటలున్నాయి: ‘అదే’, ‘వేరు’. ఊళ్లు నాలుగైతే సంబంధాలు 65,536 అవుతాయి, నిలిచేవి మాత్రం మళ్లీ ఆ నాలుగే.

మూడు ఊళ్లని ఒకేసారి కలిపే సంబంధాలకి (‘ఇది ఆ రెండిటి మధ్య ఉంది’ లాంటివి) గళ్లు 27. గుంపులు ఐదు: మూడూ ఒకటే, మూడూ వేరు, ఏవో రెండు ఒకటై ఒకటి వేరవడం (ఇది మూడు రకాలు). సాధ్యమైనవి 13,42,17,728, నిలిచేవి 32. ఊళ్లు రెండే ఉంటే ‘మూడూ వేరు’ అనే గుంపు దొరకదు, అప్పుడు 16.

పేర్లు చెరిపి వేరే పేర్లు రాసినా గళ్ల నమూనా అలాగే ఉంటుంది. పేరులో ఒక అక్షరం పెంచితే జాతకం మారుతుందని నమ్మి డబ్బు పోగొట్టుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. పేరు గుర్తుకోసం అంటించిన చీటీ, వస్తువు గుణం కాదు. చీటీలన్నీ ఊడబెరికినా మిగిలేది లెక్క: ‘మూడు ఊళ్లున్నాయి’ అన్నది ఏ తారుమారుకీ చెదరదు. కొబ్బరి వ్యాపారి పట్టుకున్నదీ దాన్నే.

ఇక భౌతికశాస్త్రం. రెండు కాయలు, రెండు గంపలు. రెండూ ఎడమ గంపలో, రెండూ కుడి గంపలో, చెరొకటి రెండు విధాలుగా: మొత్తం నాలుగు అమరికలు. కాయలెంత ఒకేలా కనిపించినా ఏది ఎటు పోయిందో కన్నేసి ఉంచొచ్చు కాబట్టి నాలుగే. కణాల విషయంలో గంప అంటే కణం ఉండగల ఒక స్థితి. 1924లో ఢాకాలో భౌతికశాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాలని లెక్కించిన పద్ధతిలో ఇవి మూడే, చోట్లు మార్చిన అమరిక కొత్తది కాదు. ఎలక్ట్రాన్లకైతే ఒక్కటే: చెరొకటి. అమరికలన్నిటికీ సమాన అవకాశం ఉంటే, చెరొక గంపలో పడే అవకాశం కాయలకి సగం, కాంతి కణాలకి మూడోవంతు, ఎలక్ట్రాన్లకి తప్పనిసరి.

ఎలక్ట్రాన్లకి ఒక్కటే ఎందుకు? రెండు కణాల చోట్లు మారిస్తే వాటి తరంగ ప్రమేయం (కణాల స్థితిని చెప్పే గణిత సూత్రం) ఏదో సంఖ్యతో గుణించబడుతుంది. మళ్లీ మారిస్తే మొదటికే రావాలి, కాబట్టి ఆ సంఖ్య వర్గం 1. అంటే +1 లేదా −1. కాంతి కణాలది +1, ఎలక్ట్రాన్లది −1. రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉంటే, చోట్లు మార్చినా ప్రమేయం అదే. కానీ గుర్తు మారాలి. తనకి తానే ఋణమయ్యే సంఖ్య సున్న ఒక్కటే, కాబట్టి అలాంటి అమరిక ఉండదు. 1925లో భౌతికశాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పౌలీ చెప్పిన నియమం ఇదే. కొబ్బరి చిప్ప వేలికి లొంగకుండా ఎదురుతన్నడం వెనక కూడా ఈ −1 ఉంది.

ఒకేలా ఉన్నవి రెండు ఉండలేవని, ఏదో ఒక తేడా ఉండి తీరుతుందని తత్వవేత్త లైబ్నిట్జ్ వాదన. హీలియం పరమాణువు అత్యల్ప శక్తి స్థితిలో ఉన్నప్పుడు దానిలోని రెండు ఎలక్ట్రాన్లూ ఆ వాదనని ఇరుకున పెడతాయి. ఒకదానికి ఉండి రెండోదానికి లేని గుణం ఒక్కటీ చూపించలేం. అయితే ఎలక్ట్రాన్లకి స్పిన్ అనే గుణం ఉంది, ఇక్కడ ఈ రెండిటి స్పిన్‌లూ ఒకదానికొకటి ఎదురు. ‘నా స్పిన్‌కి ఎదురు స్పిన్ గలది’ అనే సంబంధానికి పట్టిక గీస్తే ఐమూల గళ్లు ఖాళీ, మిగతా రెండూ నిండు. టార్‌స్కీ పట్టికలో మిగిలిన ‘వేరు’ అచ్చంగా ఇదే. ఏ కణమూ తనకి తాను ఎదురు కాలేదు కాబట్టి, ఏది ఏదో చెప్పలేకపోయినా రెండున్నాయని చెప్పొచ్చని భౌతికశాస్త్ర తత్వవేత్త సైమన్ సాండర్స్ అంటాడు. పట్టికకి రెండు వరుసలు గీసినప్పుడే రెండున్నాయని ముందుగా ఒప్పుకున్నాం కదా అని ఆయనని ఎదిరించేవాళ్లు అంటారు. ఆ వాదన ఇంకా తెగలేదు.