రోగం లేనప్పుడు డాక్టరు దగ్గరికెందుకు?

గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను సర్వైకల్ క్యాన్సర్ అంటారు. 1988-92 మధ్య అమెరికా క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్క చూస్తే, అక్కడి జపాన్ సంతతి స్త్రీలలో ఏడాదికి లక్ష మందిలో ఆరుగురికి మించి ఈ జబ్బు రాలేదు. వియత్నాం సంతతి స్త్రీలలో మాత్రం 43 మందికి వచ్చింది. తెల్లవాళ్లతో పోల్చినా ఇది ఐదు రెట్లు. 'ఆసియా వాళ్లు' అని అందరినీ ఒకే గంపలో వేసి సగటు తీస్తే ఈ తేడా కంటికి ఆనదు.

ఈ స్త్రీలలో చాలామంది 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పతనమయ్యాక పడవలెక్కి, శరణార్థి శిబిరాలు దాటుకుని వచ్చి శాన్‌హోసే, వెస్ట్‌మిన్‌స్టర్, హ్యూస్టన్ లాంటి చోట్ల కుదురుకున్నవాళ్లు. జబ్బు వాళ్ల జాతిలోనే ఉందనుకుంటే పొరపాటు. 2003లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, వియత్నాం ఉత్తరాన హనోయ్‌లో 2 శాతం స్త్రీలలో ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) కనిపిస్తే, దక్షిణాన హో చి మిన్ నగరంలో దాదాపు 11 శాతం మందిలో కనిపించింది. దేశం ఒకటే, మనుషులూ ఒకటే. శరణార్థుల్లో ఎక్కువమంది దక్షిణాది వాళ్లు.

అసలు దోషి ఆ హెచ్‌పీవీయే. ఈ వైరస్‌లోని 16వ రకాన్ని 1983లో, 18వ రకాన్ని మరుసటేడు జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం కణితుల్లో గుర్తించింది. 70 శాతం కేసులకు ఈ రెండే కారణం. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. లైంగిక సంబంధం ద్వారా సోకే ఈ వైరస్ చాలా మామూలుది. దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది, ఏడాది రెండేళ్లలో ఒళ్లే దాన్ని వదిలించుకుంటుంది. కొందరిలో మాత్రం తిష్ఠ వేస్తుంది. ముఖద్వారం దగ్గర రెండు రకాల కణాల పొరలు కలిసే సరిహద్దు ఒకటుంది, అక్కడ చేరి కణ విభజనకు బ్రేకులు వేసే మన ప్రోటీన్లను పనిచేయనివ్వదు. అయినా అది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 10 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఇంత గడువిచ్చే క్యాన్సర్లు తక్కువ. కాకపోతే ఆ గడువంతా నొప్పీ ఉండదు, రక్తమూ కనపడదు.

ఆ నిశ్శబ్దాన్ని పట్టుకునేదే పాప్ స్మియర్, అంటే ముఖద్వారం దగ్గరి కణాలను కాస్త గీకి తీసి చూసే పరీక్ష. మైక్రోస్కోపులో చూస్తే ఆరోగ్యంగా ఉన్న పైపొర కణం పలచటి అప్పడంలా పరుచుకుని ఉంటుంది, నడుమ ఆవగింజంత కేంద్రకం. వైరస్ పట్టిన కణంలో ఆ కేంద్రకం ఉబ్బి, ముడతలు పడి ఎండుద్రాక్షలా తయారవుతుంది, చుట్టూ తెల్లగా ఖాళీ వలయం. ఈ పరీక్ష కనిపెట్టిన జార్జ్ పాపనికొలావ్ 1913లో గ్రీసు నుంచి న్యూయార్క్ వచ్చినప్పుడు ఇంగ్లిష్ రాక ఒక దుకాణంలో తివాచీలు అమ్మాడు. ఆయన పరిశోధనకు ఏళ్ల తరబడి తన నమూనాలే ఇచ్చింది భార్య ఆండ్రొమాకి. వలసొచ్చిన దంపతుల చేతుల మీదుగా పుట్టిన పరీక్ష, మళ్లీ వలసొచ్చిన ఆడవాళ్లకే అందకపోయింది.

ఎందుకు చేయించుకోలేదని అడిగితే వచ్చిన జవాబులు మనకూ కొత్తవి కావు. ఒంట్లో బాగానే ఉంది కదా. శుభ్రంగా ఉంటే ఏ జబ్బూ రాదు. పెళ్లికాని పిల్లకు ఆ పరీక్షేమిటి? మగ డాక్టరైతే ఎలా? బాలింతగా ఉన్న నెలలో సరిగ్గా పత్యం చేయకపోతే తర్వాత ఇలాంటివి వస్తాయన్న నమ్మకం కూడా ఉంది. వీటికి తోడు ఇన్సూరెన్స్ లేకపోవడం, భాష రాకపోవడం. నెయిల్ సెలూన్‌లో పనిచేసే మనిషి ఒక పూట ఆస్పత్రికి వెళ్తే ఆ పూట కూలి పోయినట్టే.

ప్రభుత్వం చేసిన ఒక పని ఇక్కడ చెప్పాలి. హెచ్‌పీవీని అడ్డుకునే టీకా వచ్చింది 2006లో. 2008లో అమెరికా, గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసే 11-26 ఏళ్ల ఆడపిల్లలంతా అది వేయించుకోవాల్సిందే అంది. డోసు 120 డాలర్ల దాకా, మొత్తం మూడు డోసులు. సొంత పౌరులకు లేని నిబంధన! గొడవలయ్యాక 2009 డిసెంబర్‌లో ఎత్తేశారు. మంచి మందును కూడా బెదిరింపులా ఇవ్వడం ఎలాగో చూపించారు.

మనవైపూ ఇలాంటిదే ఒకటి జరిగింది. సియాటిల్‌కు చెందిన పాత్ అనే సంస్థ నాలుగు దేశాల్లో ఈ టీకా ప్రాజెక్టు నడిపింది. వాటిలో వియత్నాం ఒకటి, భారత్ ఒకటి. మన దగ్గర ఎంచుకున్న చోట్లలో ఖమ్మం జిల్లా ఉంది. 2010లో కొందరు బాలికల మరణాల తర్వాత ప్రాజెక్టును ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనపడలేదని విచారణ తేల్చింది. కానీ తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట చాలా కాగితాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. టీకా మీద అనుమానం పుట్టడానికి అది చాలు.

శాన్‌హోసే ఉన్న శాంటా క్లారా కౌంటీలో ఇంకో దారి పట్టారు. 1,005 మంది వియత్నామీస్ స్త్రీలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు టీవీ, పత్రికల ప్రచారం మాత్రమే. రెండో జట్టుకు దాంతోపాటు తమ వాడకట్టు ఆడవాళ్లే ఒకచోట కూర్చోబెట్టి, ఫ్లిప్ చార్ట్ తిప్పుతూ, తమ భాషలో వివరించారు. వాళ్లు నర్సులు కారు, శిక్షణ తీసుకున్న మామూలు మనుషులు. అంతకుముందు ఒక్కసారీ పరీక్ష చేయించుకోని వాళ్లలో, ప్రచారం మాత్రమే అందిన జట్టు నుంచి 27 శాతం మంది వెళ్లారు. ఎదురుగా కూర్చుని విన్న జట్టు నుంచి 46 శాతం. సమాచారం దాదాపు ఒకటే, చెప్పిన మనిషి వేరు.

2000 తర్వాత తొలి ఏళ్లకు కాలిఫోర్నియాలో ఆ 43 కాస్తా 14 దగ్గరికి దిగింది. ఇదంతా ఫ్లిప్ చార్టుల మహిమే అనను, కొత్త తరం పెరిగింది, ఇన్సూరెన్సులూ వచ్చాయి. అయినా అక్కడి తెల్లవాళ్ల కంటే అది అప్పటికీ ఎక్కువే.

ఎదురుగా కూర్చుని విన్నవాళ్లలో కూడా సగానికి పైగా కదల్లేదు కదా, వాళ్ల సంగతి? 2024 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, క్లినిక్‌లో స్త్రీ తనకు తానే నమూనా తీసుకుని హెచ్‌పీవీ పరీక్షకు ఇచ్చే పద్ధతికి అనుమతిచ్చింది. గదిలో తలుపేసుకుని, దూదిపుల్లలాంటి దాన్ని లోపల తిప్పి, గొట్టంలో వేసి ఇచ్చేస్తే చాలు. లోపల చూడటానికి డాక్టర్లు పెట్టే స్పెక్యులం అనే పరికరం అక్కర్లేదు, మగ డాక్టరా ఆడ డాక్టరా అన్న బెంగా లేదు. పాజిటివ్ వస్తే మాత్రం డాక్టర్ చూడాల్సిందే. అప్పుడు మళ్లీ ఎవరో ఒకరు ఫోన్ చేసి, కంగారు పడకు, ఇది క్యాన్సర్ కాదు, ఫలానా రోజు రా, నేనూ తోడొస్తా అని వియత్నామీస్‌లో చెప్పాలి.