రాత్రి పార్సిల్ పాయింటుకు లైసెన్సు: అపోహలు - వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో చిన్న హోటళ్లకూ కర్రీ పాయింట్లకూ లైసెన్సు కాగితాలు తయారుచేసి పెట్టడం నా వృత్తి. ఈమధ్య వచ్చేవారిలో చాలామందికి రాత్రి వ్యాపారం మీదే మనసు. కాంప్లెక్సులో బస్సు దిగేవారు, ఆసుపత్రిలో రోగికి తోడుగా ఉన్నవారు, రాత్రి డ్యూటీ చేసేవారు పదకొండు దాటాక తిండి వెతుక్కుంటారు కాబట్టి గిరాకీ నిజమే. చిక్కల్లా దుకాణం దొరికే చోటుతోనే. గంటస్తంభం దగ్గరో, ఏడు రోడ్ల కూడలిలోనో అద్దె అందదు. అందుకని కాలనీ సందులో మేడ కింద గది తీసుకుంటారు. పైన వృద్ధ దంపతులు, ఎదురింట్లో పరీక్షలకు చదివే పిల్లలు. గొడవ మొదలయ్యాక ఇటు వ్యాపారీ, అటు ఇరుగుపొరుగూ నాకు చెప్పే మాటల్లో సగం అపోహలే.

అపోహ: రాత్రి అమ్మకానికి విడిగా ఒక లైసెన్సు ఉంటుంది, అది తెచ్చుకుంటే చాలు.

వాస్తవం: ఉంది, కానీ ఇంగ్లండ్, వేల్స్‌లో. అక్కడి 2003 లైసెన్సింగ్ చట్టం ప్రకారం రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 వరకు వేడి ఆహారం, వేడి పానీయాలు అమ్మాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి చుట్టుపక్కల వారికి 28 రోజుల గడువు ఇస్తారు. విదేశంలో ఉన్న బావమరిది చెప్పాడని అలాంటి కాగితం కోసం ఇక్కడ వెతికేవారున్నారు. మనకు ఆ ఒక్క కాగితం లేదు. ఆహారానికి కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి, దుకాణానికి నగరపాలక సంస్థ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు, పనివారికీ పనివేళలకూ 1988 నాటి రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖలో నమోదు. ఒక్కొక్కటి ఒక్కో కార్యాలయం. తెరిచే, మూసే వేళల సంగతి ఈ మూడోదానిది. ప్రభుత్వం నోటిఫికేషన్ల ద్వారా వాటిని నిర్ణయిస్తుంది. గదికి అడ్వాన్సు ఇవ్వకముందే సహాయ కార్మిక అధికారిని కలిసి, మీ రకం దుకాణానికి ఇప్పుడు వర్తించే మూసే వేళ ఏదో కనుక్కోండి. ఈ పని ముందుగా చేసి నా దగ్గరకు వచ్చినవారు అరుదు. అడ్వాన్సు ఇచ్చి, బోర్డు రాయించి, పొయ్యి కట్టించాక వస్తారు.

అపోహ: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు వచ్చేసింది, ఇక ఎవరూ ఏమీ అనలేరు.

వాస్తవం: ఆ పద్నాలుగు అంకెల నంబరుకు తిండితోనే పని. 2011 నిబంధనలు చిన్న వ్యాపారికి మొదట పెట్టిన హద్దు ఏడాదికి 12 లక్షల రూపాయల టర్నోవరు. హద్దు లోపు రిజిస్ట్రేషన్, పైబడితే లైసెన్సు. ఇలాంటి అంకెలను సవరిస్తూ ఉంటారు కాబట్టి ఆ సంస్థ దరఖాస్తులు తీసుకునే ఫోస్కోస్ పోర్టల్‌లో చూసుకుని దరఖాస్తు చేయాలి. తనిఖీకి వచ్చే అధికారి నీళ్లు, శుభ్రత, నూనె చూస్తారు. మరిగించిన నూనెనే మళ్లీ మళ్లీ వాడేవారికి ఒక మాట: నూనె పదేపదే కాగినకొద్దీ పెరిగే టోటల్ పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటిన నూనె వాడకూడదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి అమలులో ఉంది. మీ పొగ ఎవరి పడకగదిలోకి పోతోంది, ఎన్ని గంటలకు షట్టరు దించుతున్నారు అన్నవి ఆ నంబరుకు పట్టని విషయాలు. ఫిర్యాదులన్నీ వచ్చేది మాత్రం వాటి మీదే.

అపోహ: పార్సిలే కదా, కూర్చోబెట్టి పెట్టడం లేదు, గోల ఏముంటుంది?

వాస్తవం: నిజానికి పార్సిల్ దుకాణంతోనే గోల ఎక్కువ. హోటల్లో అయితే జనం నాలుగు గోడల మధ్య కూర్చుంటారు. ఇక్కడ అందరూ వీధిలోనే నిలబడతారు. ఇంజను ఆపని మోటారుసైకిళ్లు, స్పీకరు పెట్టి ఫోనులో చిరునామా అడిగే డెలివరీ కుర్రాళ్లు, 'రెండు ఎగ్ నూడుల్స్' అని లోపలికి వేసే కేక, ఆపైన కడాయి మీద గరిటె మోత. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. నివాస ప్రాంతంలో ఆ వేళల్లో పరిమితి 45 డెసిబెల్స్. పగలైతే 55. మనుషులు మామూలుగా మాట్లాడుకునే మాటే మీటరు దూరంలో సుమారు 60 ఉంటుంది. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ వరకు తగ్గుతుంది కానీ, ఇరువైపులా మేడలున్న సందులో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కనుక అంత తగ్గదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలమైతే రాత్రి పరిమితి 40కి దిగుతుంది. ఆసుపత్రి గోడ పక్కనే గది దొరికిందని సంబరపడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ నియమాలు మైకులకే అనుకోవడం మరో పొరపాటు. నివాస ప్రాంతంలో రాత్రిపూట హారను కొట్టడాన్నీ ఇవి నిషేధించాయి. పరిమితి కంటే 10 డెసిబెల్స్ ఎక్కువైనా, రాత్రి ఆంక్షల్లో దేన్ని ఉల్లంఘించినా ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. డీఎస్పీ, ఆ పై స్థాయి అధికారులకు చర్య తీసుకునే అధికారం ఉంది.

అందుకే నేను దరఖాస్తు రాసే ముందు దుకాణం ముందు నిలబడి చూస్తాను. కౌంటరు సందు వైపు ఉంటే పెద్ద రోడ్డు వైపు తిప్పమంటాను. కేకల బదులు టోకెను, పది తర్వాత ఫోనులో తీసుకున్న ఆర్డర్లే, బండి ఆపేందుకు ఇళ్ల గేట్లకు దూరంగా చోటు. పొగగొట్టం పక్కింటి పై అంతస్తు కిటికీ కంటే ఎత్తుకు పోవాలి. చలికాలం రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లబడి, పొగ పైకి లేవక సందులోనే ఉండిపోతుంది. ఎండుమిర్చి తాలింపు ఘాటుకు వీధంతా దగ్గుతుంది. వేసవిలో ఏ ఫిర్యాదూ లేని దుకాణం మీద సంక్రాంతి నెలలో ఎందుకు వచ్చిపడతాయో వ్యాపారికి అర్థం కాదు. ఎవరో కుట్ర చేశారంటారు.

అపోహ: సొంత ఇల్లు, సొంత అరుగు, నా ఇష్టం.

వాస్తవం: ఇల్లు మీదే, కానీ దాని వాడకం మారింది. ఇంటి మీటరు మీద దుకాణం ఫ్రిజ్‌లు నడిపితే 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం అవుతుంది, వర్తించే టారిఫ్‌కు రెట్టింపు కట్టిస్తారు. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కు ముందే దరఖాస్తు పెట్టి వాణిజ్య కేటగిరీ తీసుకోవడం చౌక. ఆస్తి పన్ను కూడా మారుతుంది. అద్దెకు ఇచ్చే ఇంటి యజమానులు ఈ రెండూ తెలిసి కూడా నోరెత్తరు.

అపోహ: గ్యాసు ఏదైతేనేం, మంట ఒకటే.

వాస్తవం: 14.2 కిలోల ఇంటి సిలిండరు వ్యాపారానికి వాడకూడదు. వాణిజ్య సిలిండరే వాడాలి, మామూలుగా అది 19 కిలోలది. లైసెన్సు లేకుండా 100 కిలోలకు మించి ఎల్‌పీజీ నిల్వ ఉంచకూడదు కనుక అయిదు సిలిండర్లతో ఆగండి. పైన కుటుంబం పడుకునే మేడ కింద అన్ని కూడా వద్దంటాను నేను.

అపోహ: స్టేషనులో చెప్పుకున్నాం, పర్వాలేదు.

వాస్తవం: నోటిమాట కాగితం కాదు. ఆ అధికారికి బదిలీ అయిన రోజున ఆ మాట కూడా వెళ్లిపోతుంది.

ఇక ఇరుగుపొరుగు వైపు అపోహలు. 'మా సంతకాలు లేకుండా లైసెన్సు ఎలా ఇచ్చారు?' అని నన్నే నిలదీసినవారున్నారు. పక్కింటివారు వద్దంటే చాలు, లైసెన్సు ఆగిపోవాలన్న హక్కు లేదు. దుకాణం వల్ల ఇబ్బంది కలిగితే ఫిర్యాదు చేసే హక్కు మాత్రం గట్టిది. 'చాలాసార్లు ఫోను చేశాం, ఎవరూ రాలేదు' అనేది రెండో మాట. ఫోను ఫైలులో చేరదు. తేదీ, సమయం, ఏ ఇబ్బంది, ఎంతసేపు అని రాసిపెట్టుకున్న పట్టిక జతచేసి నగరపాలక కమిషనరుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మురుగు, చెత్త అయితే ముందు వార్డు సచివాలయం. జిడ్డు నీళ్లు కాలువలో గడ్డకట్టి వీధి మీదకు పొంగితే ఫొటో తీయండి. కలెక్టరేటులో సోమవారం అర్జీల రోజు ఉండనే ఉంది. ఏదీ పనిచేయకపోతే భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీఓను ఆశ్రయించవచ్చు. ప్రజలకు ఇబ్బంది కలిగించే వ్యాపారాన్ని ఆపమనో, పద్ధతి మార్చుకోమనో ఆదేశించే అధికారం ఆ సెక్షన్ ఇస్తుంది. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడ్‌లో 133వ సెక్షన్ ఇదే. 'దుర్వాసన భరించలేకున్నాం' అని ఒక్క ముక్క రాసిన అర్జీ కంటే, ఏ రాత్రి ఎన్ని గంటలకు ఏం జరిగిందో చెప్పే అరపేజీ అక్కడ పనికొస్తుంది.

తోపుడుబండి విషయంలో ఇరువైపులా అపోహే. బండికి ఏ కాగితమూ అక్కర్లేదని దాని యజమాని, రేపు పొద్దున్నే లాగించేయవచ్చని కాలనీవారు. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీ సర్వేలో పేరు చేరి, విక్రయ ధ్రువపత్రం ఉండాలి. వండిన ఆహారమైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషనూ తప్పదు. అదే చట్టం 30 రోజుల నోటీసు లేకుండా విక్రయదారుణ్ని ఖాళీ చేయించకూడదని కూడా అంటుంది. కాలనీ పెద్దలు ఆ నెల రోజుల్లో బండి యజమానితో కూర్చుని మాట్లాడితే, బండి రెండు వీధుల అవతల ఖాళీ స్థలం ముందుకు జరగడం నేను ఎక్కువసార్లు చూశాను. తొలగింపు దాకా వెళ్లినవి తక్కువ.